గృహలక్ష్మి మొదలు మన ఊరి మాసపత్రిక దాకా: మహిళా పత్రికలు ఎలా ఎదిగాయి, ఎందుకు ఆగిపోయాయి

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. మీ తాతమ్మగారి ట్రంకు పెట్టెలో దొరికిన గృహలక్ష్మి సంచికలు చూశాక, అంత నిండుగా, అంత శ్రద్ధగా వెలువడిన పత్రిక ఎందుకు నిలవలేదన్నది మొదటిది. మీరూ మీ స్నేహితురాళ్లు ముగ్గురూ కలిసి విశాఖపట్నం నుంచి అటువంటి మాసపత్రికే ఒకటి తేవాలనుకుంటున్నారు కనుక, ఈ రోజుల్లో అది నిలబడుతుందా అన్నది రెండోది. నేను 1983 నుంచి పదహారేళ్లపాటు ఈ ఊళ్లోనే వెలువడిన ఒక చిన్న మహిళా మాసపత్రికలో పనిచేశాను. మొదట ప్రూఫులు దిద్దాను, తరవాత చందాల పుస్తకం చూశాను, ఆ తరవాత చివరిదాకా సంపాదకవర్గంలో ఉన్నాను. ఆ పత్రిక పేరు ఇక్కడ రాయను. దానికోసం రాత్రులు మేలుకున్నవారు కొందరు ఇంకా మన మధ్య ఉన్నారు. నేను చెప్పబోయే పొరపాటులో వారి వంతు ఎంతో నా వంతూ అంతే.

చందాల పుస్తకం చూసిన మనిషిగా నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మహిళా పత్రికలు చదివేవారు లేక ఆగిపోయాయని చాలామంది అంటారు, నేను ఒప్పుకోను. ఒక్కో ప్రతికి అయ్యే ఖర్చును ఎవరు భరిస్తారో పత్రిక మెల్లమెల్లగా వారి మాట వినడం మొదలుపెడుతుంది. ఆ భారం పాఠకురాలి చేతిలోనుంచి మరొకరి చేతికి మారిన రోజునే పత్రిక క్షీణించడం మొదలవుతుంది, ఆ సంగతి బయటికి కనబడటానికి పదేళ్లు పట్టినా సరే.

తెలుగులో స్త్రీల కోసం వచ్చిన పత్రికలను మొదట పురుషులే నడిపారు. కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1883లో సతీహితబోధిని ప్రారంభించారు. 1893లో తెలుగు జనానా వచ్చింది, దాన్ని రాయసం వెంకటశివుడుగారు నడిపారు. ఆ పత్రికల వెనక ఉన్న ఆర్తి నిజమైనదే, అయితే చదివే స్త్రీ అక్కడ శిష్యురాలి స్థానంలోనే ఉండేది. 1902లో సత్తిరాజు సీతారామయ్యగారు ఏలూరులో హిందూ సుందరిని స్థాపించి, దాని సంపాదకత్వాన్ని మొసలికంటి రమాబాయమ్మ, వెంపల శాంతాబాయి గార్లకు అప్పగించడంతో పరిస్థితి మారింది. భండారు అచ్చమాంబగారి ధనత్రయోదశి కథ ఆ సంవత్సరమే ఆ పత్రికలో అచ్చయింది. తొలి తెలుగు కథగా చాలామంది చెప్పే మన గురజాడవారి దిద్దుబాటు 1910 నాటిది కాబట్టి, దానికంటే ఎనిమిదేళ్ల ముందే ఒక స్త్రీ రాసిన కథను స్త్రీలే సంపాదకులుగా ఉన్న పత్రిక ప్రచురించిందన్న మాట. తరవాత హిందూ సుందరి కాకినాడకు చేరింది. పులుగుర్త లక్ష్మీనరసమాంబగారి సావిత్రి, 1917లో వింజమూరి వెంకటరత్నమ్మగారు ప్రారంభించిన అనసూయ కూడా ఆ ఊరి పత్రికలే. వీరందరి అభిప్రాయాలు ఒకటి కావు. వితంతు వివాహం మీద సావిత్రి పాటించిన వైఖరి వీరేశలింగంగారి అనుయాయులకు నచ్చేది కాదు. ఆ వాదాలు ఇప్పుడు చదివితే, కొన్ని మాటలు మనకు మింగుడుపడకపోయినా, స్త్రీలు తమలో తాము అచ్చులో వాదించుకోవడం ఎంత కొత్త సంగతో అర్థమవుతుంది.

ఇక మీ చేతిలో ఉన్న గృహలక్ష్మి. దాన్ని 1928లో మద్రాసులో డాక్టర్ కె. ఎన్. కేసరిగారు ప్రారంభించారు. ఆయన ఆయుర్వేద వైద్యులు. వారి కేసరి కుటీరం తయారుచేసిన లోధ్ర అనే స్త్రీల మందు అప్పట్లో తెలుగునాట ఇంటింటికీ తెలిసిన పేరు. మీ సంచికల్లో లోధ్ర ప్రకటన తప్పకుండా కనబడి ఉంటుంది. ఆ మందు మీద వచ్చిన డబ్బే గృహలక్ష్మికి అండ అయింది. పత్రిక అంత నిండుగా ఉండటానికి, మంచి కాగితం మీద రావడానికి, కొత్త రచయిత్రులను వెతికి పట్టుకోగలగడానికి ఆ అండే కారణం. బాపట్లకు చెందిన కనుపర్తి వరలక్ష్మమ్మగారు అందులో శారద లేఖలు అనే శీర్షికను ఏళ్ల తరబడి నడిపారు. శారద అనే ఆమె తన స్నేహితురాలికి రాసే ఉత్తరాల రూపంలో ఉండే ఆ శీర్షిక బాల్యవివాహ నిషేధ చట్టం మొదలు రాట్నం దాకా, ఇంటి ఖర్చు మొదలు విడాకుల ప్రశ్న దాకా ఆనాటి ప్రతి విషయాన్నీ వంటింట్లో కూర్చుని మాట్లాడుకున్నంత సులువుగా చర్చించింది. రచయిత్రులను గౌరవించడానికి కేసరిగారు గృహలక్ష్మి స్వర్ణకంకణం నెలకొల్పారు. 1934లో మొదటి కంకణం వరలక్ష్మమ్మగారికే దక్కింది. స్త్రీ రాసిన మాటకు బంగారం తొడిగిన సంఘటన అంతకుముందు మన భాషలో జరిగినట్టు నాకు కనబడలేదు.

లోధ్ర డబ్బుతో నడిచిన పత్రిక పాఠకురాలి చేయి విడిచిపెట్టినట్టు కాదా అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. నా సమాధానం ఇది: మందు కొనేదీ ఆ స్త్రీయే, పత్రిక చదివేదీ ఆ స్త్రీయే, పోషకుడు ఆ రెండింటికీ బాధ్యుడైన ఒకే మనిషి, పైగా పత్రికను లాభం కోసం చూడని మనిషి. కాబట్టి ఆ డబ్బు పత్రికను వంచలేదు. కానీ అటువంటి పత్రిక ఆయువు పోషకుడి ఆయువుతో ముడిపడి ఉంటుంది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో కాగితానికి కరువు వచ్చి, ప్రభుత్వ నియంత్రణల వల్ల పత్రికలన్నీ పేజీలు తగ్గించుకోవలసి వచ్చింది. మీ దగ్గర 1940ల సంచికలు ఉంటే వాటి మందాన్ని 1930ల సంచికల పక్కన పెట్టి చూడండి. కేసరిగారు 1953లో కన్నుమూశారు. ఒక మనిషి ఔదార్యం మీద నిలిచిన కట్టడానికి ఆ మనిషి తరవాత మునుపటి బలం ఉండదు.

అదే సమయంలో మరో మార్పు వచ్చింది. పెద్ద దినపత్రికల వారపత్రికలు స్త్రీలను పాఠకులుగా గుర్తించాయి. ఆంధ్రప్రభ వారపత్రికలో మాలతీ చందూర్‌గారి ప్రమదావనం శీర్షిక 1952లో మొదలై దశాబ్దాలపాటు నడిచింది. ఆవిడకు ఉత్తరం రాసి సలహా అడగని ఇల్లు మా వీధిలో లేదని మా అమ్మ చెప్పేది. 1960ల నుంచి రంగనాయకమ్మగారు, యద్దనపూడి సులోచనారాణిగారు, మాదిరెడ్డి సులోచనగారు, మన విశాఖలో స్థిరపడిన ద్వివేదుల విశాలాక్షిగారు రాసిన నవలలు పత్రికల అమ్మకాలను శాసించాయి. వారం వారం ధారావాహిక కోసం ఎదురుచూసే స్త్రీకి వేరే మహిళా పత్రిక ఎందుకు? ఈ ప్రశ్నకు మహిళా పత్రికలు చాలా వరకు తప్పు సమాధానం చెప్పుకున్నాయని నా అభిప్రాయం. కథ, చర్చ వారపత్రికలకు వదిలేసి, వంట, కుట్లు, అల్లికలు, ముగ్గులు తమవిగా చేసుకున్నాయి. ముగ్గును నేను తక్కువ చేయడం లేదు. మా పత్రిక ధనుర్మాసం సంచికకు వచ్చినన్ని ఉత్తరాలు మరే సంచికకూ వచ్చేవి కావు. అయితే ముగ్గులు, వంటలు ఎవరైనా వేయగలరు. దినపత్రిక ఒక పేజీ కేటాయిస్తే చాలు.

మా పత్రిక విషయానికి వస్తాను. సూర్యాబాగ్ దగ్గర ఒక ట్రెడిల్ ప్రెస్సులో లోపలి పేజీలు అచ్చయ్యేవి, రంగుల ముఖచిత్రం శివకాశి నుంచి పార్సిల్లో వచ్చేది. అక్షరాలను చేత్తో ఏర్చి కూర్చేవాళ్లు ముగ్గురు ఉండేవారు, వారిలో ఇద్దరు ఆడవాళ్లు. కథ మధ్యలో కంపోజింగు ఆపి, తరవాత ఏమవుతుందమ్మా అని నన్ను అడిగేవారు. సంచిక బయటికి వచ్చిన రోజు ప్రెస్సు వరండాలో చాపలు పరచుకుని కూర్చుని, పేరు చీటీలు అంటించి, పిన్‌కోడ్ వారీగా కట్టలు కట్టి, సాయంత్రానికల్లా రిక్షాలో రైల్వే స్టేషన్ దగ్గర ఆర్.ఎం.ఎస్. (రైల్వే తపాలా) ఆఫీసుకు చేర్చేవాళ్లం. విజయనగరం, శ్రీకాకుళం, పార్వతీపురం వైపు కట్టలు ముందు, కిరండూల్ లైనులో శృంగవరపుకోట, అరకు వైపు తరవాత. అరకు ప్రాంతంలో మాకు ఉన్నది పదిహేడుమంది చందాదారులు, అందరూ ఉపాధ్యాయినులూ నర్సులూ. వారి చందా ఒక్కరిది కూడా ఏనాడూ ఆగలేదు.

తపాలా గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చిన్న పత్రికల చావుబతుకులు అక్కడే ఉంటాయి, దాని గురించి రాసేవారు తక్కువ. అప్పుడు అమల్లో ఉన్న 1898 నాటి తపాలా చట్టం ప్రకారం, 31 రోజులకు మించని వ్యవధిలో క్రమంగా వెలువడుతూ, నిజమైన చందాదారుల జాబితా ఉన్న పత్రికకు రిజిస్టర్డ్ న్యూస్‌పేపరుగా రాయితీ రేటు దొరికేది. ఆ రేటులో ఒక్కో ప్రతికి అయ్యేది పైసల్లో. అంటే మాసపత్రికకు రాయితీ ఉంటుంది, రెండు నెలలకో మూడు నెలలకో వచ్చే పత్రికకు ఉండదు. చెప్పిన తేదీకి వేయలేకపోతే పోస్టాఫీసు ఒప్పుకోదు, అప్పుడు ఆ సంచికను ఈ రాయితీ లేని బుక్‌పోస్టులో పంపాలి, ఖర్చు రూపాయల్లోకి పోతుంది. డబ్బు లేక ఒక నెల సంచిక ఆలస్యమైతే, ఆ ఆలస్యం వల్లే మరింత డబ్బు ఖర్చవుతుంది, దానివల్ల వచ్చే నెల ఇంకా ఆలస్యమవుతుంది. రెండు నెలలు కలిపి జంట సంచిక అని వేసే పత్రికలను మీరు చూసే ఉంటారు. జంట సంచిక కనబడిందంటే ఆ పత్రికకు ఊపిరి ఆడటం లేదని నేను అర్థం చేసుకుంటాను.

ఇక ధర లెక్క. సులువుగా ఉండటానికి గుండ్రటి అంకెలతో చెబుతున్నాను, ఇవి మా లెక్కలు కావు. ఒక ప్రతి తయారీకి 10 రూపాయలు అవుతుందనుకోండి. ధర 12 రూపాయలు పెట్టారు. దుకాణంలో అమ్మే ప్రతి మీద ఏజెంటుకు 4 రూపాయలు పోతే మీకు వచ్చేది 8. అంటే అమ్ముడైన ఒక్కో ప్రతి మీదా 2 రూపాయల నష్టం. అమ్ముడుకాక వెనక్కి వచ్చిన ప్రతి మీద పూర్తిగా 10 నష్టం. అదే చందాదారుకు నేరుగా పంపిన ప్రతి మీద, తపాలా పోను, రూపాయో రూపాయిన్నరో మిగులుతుంది. కాబట్టి దుకాణాల్లో ఎక్కువ కనబడాలన్న కోరిక పెరిగేకొద్దీ నష్టం పెరుగుతుంది, ఆ నష్టాన్ని పూడ్చడానికి ప్రకటన కావాలి. మా పత్రిక మొదటి ఏడేళ్లు చందాల మీదే నడిచింది. ఉక్కునగరంలో, రైల్వే న్యూకాలనీలో, పోర్టు క్వార్టర్లలో, మహారాణిపేటలో ఒక్కొక్క ఆవిడ పూనుకుని పదిమంది చందాలు పోగుచేసి తెచ్చి ఇచ్చేవారు. ఒక ప్రతిని నాలుగిళ్లవాళ్లు చదివేవారు, అది మాకు తెలుసు. అయినా ఆ నలుగురిలో ఒకరి పేరు పుస్తకంలో ఉండేది. డాబాగార్డెన్స్ అద్దె పుస్తకాల షాపుల్లో కూడా మా పత్రిక రోజుకింతని అద్దెకు తిరిగేది. ఆ అద్దెలో మాకు పైసా రాకపోయినా, అలా చదివి తరవాత చందా కట్టినవాళ్లు ఉన్నారు.

అప్పట్లో మా పత్రికలో అందరికంటే ముందు చదివేది ఉత్తరాల పేజీలు. ఆరు పేజీలు ఇచ్చేవాళ్లం. కట్నం గురించి, అత్తగారింట్లో తిండి గురించి, ఉద్యోగం చేస్తున్నా జీతం కవరు తన చేతికి రాని సంగతి గురించి, మంచి డాక్టరమ్మ ఎక్కడున్నారన్న ప్రశ్న గురించి, ఏ కంపెనీ స్టవ్వు ఎన్నాళ్లు పనిచేసింది అన్నదాని గురించి. ఒకరు అడిగితే మరో నెల ఐదుగురు జవాబు రాసేవారు. పేరు వేయవద్దని రాసినవారి ఉత్తరాలు నేను నా చేతిరాతతో తిరగరాసి ప్రెస్సుకు పంపేదాన్ని, అసలు ప్రతి ఎవరి కంటా పడకుండా.

1991లో కాగితం, అచ్చు ఖర్చులు పెరిగాయి. చందా పెంచుదామని నేనన్నాను, పెంచితే సగం మంది మానేస్తారని మిగతావారు భయపడ్డారు. అదే సమయంలో గృహోపకరణాలు అమ్మే ఒక వ్యాపార సంస్థ సంవత్సరం పొడుగునా వెనక అట్ట తీసుకుంటామని వచ్చింది. ఆ ఒక్క ప్రకటనతో మా కాగితం ఖర్చు మొత్తం తీరేది. ఒప్పుకున్నాం. ఐదో నెలలో గాజువాక నుంచి ఒక ఉత్తరం వచ్చింది. అదే సంస్థ దగ్గర కొన్న మిక్సీ నడుస్తుండగా మూత ఎగిరి, చేతికి కుట్లు పడ్డాయని, వెళ్లి అడిగితే పట్టించుకోలేదని, ఇతర పాఠకురాళ్లలో ఎవరికైనా ఇలా జరిగిందా అని ఆవిడ అడిగారు. ఆ సంస్థవారికి ముందు చూపించాలని మాలో ఒకరన్నారు. చూపించాం. వేయవద్దని వారు నేరుగా అనలేదు. వచ్చే నెల ప్రకటన గురించి ఆలోచించుకోవాలి అన్నారు. మేం ఆ ఉత్తరం వేయలేదు. సంపాదకవర్గంలో నలుగురం కూర్చున్నాం, నలుగురం తల ఊపాం, నేనూ ఊపాను.

గాజువాక ఆవిడ మూడు నెలలు చూసి చందా ఆపేశారు. పదకొండుమందిని చేర్పించిన మనిషి ఆవిడ. ఆ పదకొండుమందిలో ఎనిమిదిమంది మరుసటి ఏడాది తిరిగి చందా కట్టలేదు. ఒక ప్రాంతంలో పోయిన చందాల కంటే నన్ను బాధించింది వేరే ఉంది. అటువంటి ఉత్తరాలు రావడమే తగ్గిపోయింది. ఎవరూ పుకారు పుట్టించలేదు, ఎవరూ మమ్మల్ని తిట్టలేదు. కానీ ఏది వేస్తారో ఏది వేయరో పాఠకురాళ్లకు ఎలాగో తెలుస్తుంది. ఆరు పేజీల ఉత్తరాలు నాలుగయ్యాయి, తరవాత రెండయ్యాయి. ఆ ఖాళీలో అందం చిట్కాలు వేశాం. మా పత్రిక 1999లో ఆగిపోయిందని చెబుతారు. నా లెక్కలో అది ఆగింది ఆ ఉత్తరం పక్కన పెట్టిన సాయంత్రం.

ఆ దశాబ్దం బయటినుంచి కూడా దెబ్బ తీసింది, అది దాచను. ఈనాడు 1974 ఆగస్టు 10న మన ఊళ్లోనే పుట్టింది. తెల్లవారకముందే పేపరు గుమ్మంలో పడటం విశాఖవాసులకు దానివల్లే అలవాటయింది. 1990ల తొలినాళ్లలో ఆ పత్రిక స్త్రీల కోసం వసుంధర పేజీని ప్రవేశపెట్టింది, ఇతర దినపత్రికలూ ఆ దారి పట్టాయి. నెలకు ఒకసారి మేం చెప్పే వంట, ఆరోగ్యం, చట్టం రోజూ ఉదయం, అదనపు ఖర్చు లేకుండా, ఇంట్లోకే వచ్చేసింది. వెనక అట్టకు డబ్బిచ్చిన వ్యాపారులకు మా మూడు వేల పైచిలుకు ప్రతులతో ఇక పని లేకపోయింది, వాళ్లను తప్పుపట్టలేను. 1995 ఆగస్టులో ఈటీవీ వచ్చింది, ధారావాహిక నవల స్థానాన్ని టీవీ సీరియల్ తీసుకుంది.

వీటన్నిటికంటే నాకు గుర్తున్నది నెల్లూరు జిల్లా దూబగుంట. 1992లో అక్కడ స్త్రీలు సారాకు వ్యతిరేకంగా లేచిన ఉద్యమం రాష్ట్రమంతా పాకింది, 1993 అక్టోబర్ 1 నుంచి సారా నిషేధం వచ్చింది, 1995లో సంపూర్ణ మద్య నిషేధం దాకా వెళ్లింది. తెలుగు స్త్రీలు ఆ శతాబ్దంలో సాధించిన పెద్ద విజయాల్లో ఒకటి. ఒక మహిళా పత్రిక దానికోసమే పుట్టి ఉండాలి. మేం మూడు నెలలు ఆలస్యంగా, రెండు పేజీలు వేశాం. ముఖచిత్రం ముందే శివకాశిలో అచ్చయిపోయింది, దాని మీద పట్టుచీర కట్టుకున్న అమ్మాయి ఉంది. మా చందాదారుల్లో అనకాపల్లి, చోడవరం పల్లెల్లో సారా దుకాణాల ముందు కూర్చున్న ఉపాధ్యాయినులు ఉన్నారని తరవాత తెలిసింది. వాళ్లు ఆ సంగతి దినపత్రికకు రాశారు, మాకు రాయలేదు.

చివరి రెండేళ్ల గురించి ఎక్కువ చెప్పడానికి ఏమీ లేదు. జంట సంచికలు వేశాం, తపాలా రాయితీ పోయింది, ప్రెస్సు బాకీ పెరిగింది, కంప్యూటర్ మీద అక్షరాలు కూర్చే డీటీపీ వచ్చి మా కంపోజిటర్లు వేరే పనులు వెతుక్కున్నారు. పత్రికల నమోదుకు అప్పుడున్న పాత చట్టం కింద పన్నెండు నెలలకు మించి పత్రిక వెలువడకపోతే డిక్లరేషన్, అంటే పత్రిక నడపడానికి అధికారుల దగ్గర ఇచ్చే వాంగ్మూలం, దానంతట అదే రద్దయ్యేది. మాది అలాగే రద్దయింది. ఆపుతున్నామని చందాదారులకు ఒక ఉత్తరం కూడా రాయలేకపోయాం, కార్డులకు డబ్బు లేక. అది నాకు ఇప్పటికీ తలవంపుగానే ఉంది.

ఇక మీ రెండో ప్రశ్న. అచ్చు పత్రికలకు కాలం చెల్లిందని మీకు చాలామంది చెబుతారు, వారి దగ్గర ఆధారాలూ ఉన్నాయి. 2020లో కరోనా వల్ల రైళ్లు ఆగినప్పుడు తపాలాలో వెళ్లే పత్రికల గొలుసు తెగింది, కొన్ని మళ్లీ అచ్చులోకి రాలేదు. 1978 నుంచి నడిచిన చతుర, విపుల వంటి మాసపత్రికలు కూడా 2021లో ఆగిపోయాయి. న్యూస్‌ప్రింటు మీద 2017 నుంచి 5 శాతం జీఎస్టీ ఉంది. పత్రిక అమ్మకం మీద పన్ను లేకపోవడంతో, కాగితం మీద కట్టిన ఆ పన్నును తిరిగి రాబట్టుకునే దారి చిన్న పత్రికకు ఉండదు. మరోవైపు, హైదరాబాదులో కొండవీటి సత్యవతిగారు 1993లో ప్రారంభించిన భూమిక స్త్రీవాద పత్రికగా దశాబ్దాలు నిలిచింది. దానికి తోడుగా 2006లో స్త్రీల కోసం హెల్ప్‌లైన్ కూడా నడిపారు. పత్రిక చదివే స్త్రీకి ఆపద వస్తే ఫోను ఎత్తే మనిషి ఉందన్న నమ్మకం ఏ అందం చిట్కాకూ రాదు. కాబట్టి నిలబడటం అసాధ్యం అనను.

మీరు తెచ్చేటట్లయితే నా సలహా ఇది. మొదటి సంచికకు ముందే మూడు వందలమంది చేత ఏడాది చందా కట్టించుకోండి. అంతమంది దొరక్కపోతే మొదలుపెట్టకండి, దొరికితే అంతమందికే అచ్చు వేయండి. సంచిక తయారీ ఖర్చు, తపాలా, మీలో ఒకరికి నామమాత్రపు జీతం, ఈ మూడూ చందాలోనుంచే రావాలి. అలా లెక్క వేస్తే చందా ఎక్కువగా కనబడుతుంది, అయినా వెనకాడకండి. మేం చందా పెంచడానికి భయపడినప్పుడు సగంమంది పోతారనుకున్నాం. ఆ సగం మిగిలినా ఉత్తరాల పేజీలు మిగిలేవి. ప్రకటనలు తీసుకోండి, కానీ ఆ డబ్బు వచ్చే సంచికకు అక్కరలేని స్థితిలో ఉన్నప్పుడే తీసుకోండి, ఒక్కరి దగ్గరే ఏడాది మొత్తానికి తీసుకోకండి. నమోదు ఇప్పుడు 2023 నాటి కొత్త చట్టం ప్రకారం ప్రెస్ సేవా పోర్టల్‌లో జరుగుతుంది, 2024 మార్చి 1 నుంచి అది అమల్లో ఉంది; మా రోజుల్లోలాగా డిక్లరేషన్ కోసం కలెక్టరేటు మెట్లు పదిసార్లు ఎక్కవలసిన పని లేదు. పేరు నమోదయ్యాక తపాలా నమోదుకు వెళ్లండి, వెళ్లేముందు నెల తప్పకుండా తేగలమా అని మీ నలుగురూ నిజాయితీగా మాట్లాడుకోండి. తేలేమనిపిస్తే మాసపత్రిక వద్దు. మూడు నెలలకొకటి తెచ్చి, తపాలా ఖర్చు మొత్తం చందాలో కలపండి. ఉత్తరాలకు వాట్సాప్ నంబరు ఇవ్వండి, మాట రికార్డు చేసి పంపినా తీసుకోండి, రాయడం రాని ఆవిడ మాట కూడా అచ్చులో పడాలి. ఆ పేజీలు ఎవరు చూస్తారో వారికి ప్రకటనల పని అప్పగించకండి.

మీ ట్రంకు పెట్టెలోని సంచికల గురించి ఒక మాట. వాటిని లామినేషన్ చేయించకండి, సెల్లోటేపు అంటించకండి. ఎండలో పెట్టకుండా నీడలో గాలికి ఆరబెట్టి, ఒక్కొక్కదాన్నీ తెల్లకాగితంలో చుట్టి ఇనుప బీరువాలో, నేలకు ఎత్తుగా పెట్టండి. మా పత్రిక పూర్తి సంపుటాలు నా దగ్గర ఉండేవి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు కిటికీ రెక్కలు ఊడి, కింది అరలోని ఆరేళ్ల సంచికలు ముద్ద అయిపోయాయి. ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలోగాని, ఆంధ్ర విశ్వవిద్యాలయంలోని వి. ఎస్. కృష్ణా గ్రంథాలయంలోగాని అడిగి, ఫొటోలు తీయించడానికి ఇవ్వగలరేమో చూడండి. వేటపాలెం సారస్వత నికేతనం, హైదరాబాదు సుందరయ్య విజ్ఞాన కేంద్రం వంటివి పాత పత్రికలను భద్రపరుస్తున్నాయి, వారి దగ్గర లేని సంచిక మీ దగ్గర ఉండవచ్చు.

పత్రికతో పాటు తపాలాలో వచ్చిన చుట్టుకాగితాలు పెట్టెలో ఉంటే వాటిని మాత్రం పారేయకండి. చందాదారు సంఖ్య, చందా ముగిసే నెల సాధారణంగా వాటి మీదే ఉంటాయి. ఆ కాగితం మీద ఉన్న పేరు మీ తాతయ్యగారిదా, మీ తాతమ్మగారిదా చూసి చెప్పగలరా?